నీలం గేటు నీళ్లు

"అవన్నీ తర్వాత. ముందు ఈ ఊళ్లో ఎవరింట్లో నీళ్లు తాగావో చెప్పు."

పుల్లారావు గద్దింపుకి నీరజ బిత్తరపోయింది.

ఆమె ఆ ఊరికి కొత్త. పిడుగురాళ్ల నుంచి ఆటోలో వచ్చి, పుల్లారావు వీధిలో దిగి, చేతి మైకులో నాలుగు మాటలు చెప్పిందో లేదో జనం చుట్టుముట్టారు.

"ఊరి మొదట్లో నీలం గేటు ఇల్లు. దాహమేసి అడిగాను. ఎవరిదో నాకు తెలీదన్నా."

నీలం గేటు బ్రహ్మానందానిది.

ఇంక అడగాల్సింది లేదు. ఆ ఊళ్లో మనిషిది ఏ వర్గమో తేల్చడానికి నీళ్లు తాగిన గడప చాలు. బ్రహ్మానందం ఔనంటే పుల్లారావు కాదంటాడు. తాతల నాటి నుంచీ అంతే.

"మైకు కట్టెయ్!"

"ఒక్క మాట వినండన్నా. రేపు అధికారులొచ్చి, ఇక్కడ పెట్టబోయే సున్నపురాయి క్వారీ మీద మీ అభిప్రాయం అడుగుతారు. క్వారీ కంపెనీ రిపోర్టేమో ఇంత లావున ఇంగ్లీషులో ఉంది. మీకు పంచిన తెలుగు కాగితాల్లో అసలు సంగతే లేదు. అది చెప్పిపోదామని వచ్చాను."

"ఏందమ్మా ఆ అసలు సంగతి?" ఎగతాళిగా అడిగాడు.

"క్వారీ లోతయ్యే కొద్దీ భూమిలో నీళ్లన్నీ ఆ గుంటలోకే దిగుతాయి. మీ బోర్లు ఎండిపోతాయి. అన్నిటికంటే ముందు పోయేది వాగు పక్క మిరప చేలో బోరు."

పుల్లారావు మొహం మాడిపోయింది. ఆ చేను అతనిదే. ఎండాకాలంలో కూడా నీళ్లిచ్చే ఆ బోరే అతని ప్రాణం.

"నా బోరు గొడవ నీకెవరు చెప్పారు?"

"పోయిన వేసవిలో సర్వే కుర్రాళ్లొచ్చి టేపు దించి కొలిచారు కదన్నా..."

"కుర్రాళ్లు కాదు, బ్రహ్మానందం! నా బోరు మీద వాడి ఏడుపు ఈనాటిదా?"

"రిపోర్టులో ఉన్నదే చెబుతున్నాను."

"నువ్వు రాశావా ఏంది ఆ రిపోర్టు?"

జనం గొల్లుమన్నారు.

నీరజ నోరు తెరిచింది. అంతలో వెనక నుంచి ఎవరో విసిరిన మట్టిబెడ్డ తగిలి మైకు కీచుమంది. రెండోది ఆమె నుదుటికి తగిలింది.

పుల్లారావు భార్య రత్నకుమారి గడప దిగబోయింది. "అయ్యో, నెత్తురు! కాస్త పసుపన్నా అద్దనీ."

"లోపలికి పో! ఆ ఇంటి నీళ్లు తాగినదానికి మనింటి పసుపా?"

చున్నీతో నుదురు అదుముకుంటూ నీరజ ఆటో ఎక్కింది.

"రేపు చెయ్యెత్తే ముందు, ఆ నీళ్ల సంగతి ఎవరి చేతన్నా చదివించుకోండన్నా."

ఈలల మధ్య ఆటో వెళ్లిపోయింది.

మర్నాడు బడి ఆవరణలో షామియానా వేశారు.

"క్వారీకి సమ్మతమైనవాళ్లు?" అడిగాడు అధికారి.

అందరికంటే ముందు పుల్లారావు చెయ్యి లేచింది. వెంటనే అతని వీధి మొత్తం చేతులెత్తింది. బ్రహ్మానందం ఎలా కుళ్లిపోతున్నాడో చూద్దామని అటు తిరిగాడు.

బ్రహ్మానందం చెయ్యీ పైకే ఉంది. వాళ్ల వర్గం చేతులూ పైకే ఉన్నాయి.

అధికారి రాసుకుని లేచాడు.

బడి గేటు దగ్గర పుల్లారావు అడ్డం నిలబడ్డాడు. "నువ్వేందిరా చెయ్యెత్తావ్? వద్దని మనిషిని తోలింది నువ్వేగా?"

"నేనా? మైకు మోగింది నీ వీధిలో. నీ మనిషే అనుకున్నాం. నువ్వు వద్దంటే మేం కావాలన్నాం."

"తాగింది నీ ఇంటి నీళ్లు!"

"గేటు ముందుకొచ్చి అడిగితే మా ఆడోళ్లు పోశారు. ఆమె ఎవరో మాకేం తెలుసు?"

అప్పుడే క్వారీ మేనేజరు నవ్వుకుంటూ వచ్చి పుల్లారావు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బతికించారండీ. ఆవిడ మీ ఊరొచ్చిందని తెలిసిన దగ్గర్నుంచీ మాకు ముద్ద దిగలేదు. తరిమేసింది మీరేనట కదా!"

పుల్లారావు చేతులు వెనక్కి లాక్కున్నాడు. "ఎవరామె?"

"అయ్యో, చెప్పలేదా? మీ బోర్లన్నీ కొలిపించి, ఆ రిపోర్టులో నీళ్ల సంగతి రాసింది ఆవిడేనండీ. తెలుగు కాగితాల్లో అది తీసెయ్యమన్నందుకు ఉద్యోగం మా మొహాన కొట్టి, తిన్నగా మీ దగ్గరికే వచ్చింది."