ఐలయ్య అభిమానం

శుక్రవారం పొద్దున టీవీలో ఆ వార్త చూడగానే ఐలయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. పెనం మీద దోసె మాడుతున్నా తిప్పలేదు.

మృదుగాన చక్రవర్తి చిదానంద్ ఇక లేరు.

చిదానంద్ పాటల్లో అరుపుల్లేవు, డప్పుల మోతల్లేవు. భోజనం చేసి వింటే చాలు, చరణం పూర్తయ్యేలోపు కునుకు పట్టేది. నలభై ఏళ్లపాటు తెలుగువాళ్లందరినీ జోకొట్టిన మనిషి.

ఐలయ్య పొయ్యి కట్టేసి బయటికొచ్చాడు. తొండుపల్లి మలుపులో ఇరవై రెండేళ్లుగా నడుస్తున్న టిఫిన్ సెంటర్ అది. ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్లంతా అక్కడే తింటారు. ఐలయ్య కాసేపు మలుపు వంక చూశాడు, కాసేపు తన గోడ వంక చూశాడు. తుండుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"సార్ విగ్రహం పెడ్త," అన్నాడు భార్యతో. "ఈడనే. పదకొండో దినం సోమవారం పడ్తది. ఆ పొద్దు వరకు విగ్రహం లేవాలె. లేకుంటే ఇగ మన బతుకు బతుకు కాదు."

కరివేపాకు కట్ట దగ్గర కూడా గంట బేరమాడే రేణుకమ్మ, మారు మాట లేకుండా చెవి కమ్మలు తీసి చేతిలో పెట్టింది. ఆమెకూ పాటలంటే అంత ప్రాణమని ఊళ్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నానికల్లా గోడ మొత్తం కప్పేస్తూ పెద్ద ఫ్లెక్సీ లేచింది. దాని మీద చిదానంద్ నవ్వుతున్నాడు. కింద 'కన్నీటి నివాళి' అని రాసి ఉంది.

ప్లాట్ల వ్యాపారి శేఖర్ కారు దిగి వచ్చాడు.

"మంచి పని చేస్తున్నవ్ అన్నా. కానీ నా వెంచర్ గేటు కాడ పెడ్దాం. ఫౌంటెన్ ఉన్నది, లైట్లున్నయ్."

"వద్దు శేఖర్. సార్ ఈడ చాయ్ తాగిండు."

"ఎప్పుడు?"

"ఎయిర్‌పోర్టు కొత్తగ వచ్చినప్పుడు. గిదే జాగల నిలబడి తాగిండు."

సాయంత్రానికి ఆ చాయ్ ఊరందరికీ గుర్తొచ్చింది. ఆ గ్లాసు తానే కడిగానన్నాడు ఒకాయన. చక్కెర తక్కువ వేయమన్నాడని ఇంకొకాయన చెప్పాడు. మూడో రోజుకు శేఖర్‌కు కూడా జ్ఞాపకం వచ్చింది, ఆ పూట సార్ పక్కన నిలబడి తాను పల్లవి అందుకున్నట్టు. ఆ జ్ఞాపకం బలం మీదే శిలాఫలకంపై తన పేరును సార్ పేరు కన్నా రెండంగుళాలు పెద్దగా చెక్కించుకున్నాడు.

టీవీ చానెల్ నుంచి పూర్ణిమ అనే అమ్మాయి మైకుతో వచ్చేసరికి ఐలయ్య ఉప్మాలోకి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

"ఐలయ్యగారూ, చిదానంద్‌గారి పాటల్లో మీకు బాగా ఇష్టమైన పాట ఏదండీ?"

ఐలయ్య తలెత్తాడు. కళ్ల నిండా నీళ్లు. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

'పాట పేరు చెప్పబోయి మూగబోయిన అభిమాని' అంటూ రోజంతా అదే చూపించారు.

చిక్కల్లా విగ్రహంతోనే వచ్చింది. శిల్పి యాదయ్య మూడు నెలలు పడుతుందన్నాడు. ఐలయ్య అతని కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. చివరికి యాదయ్య షెడ్డు మూలన దుమ్ము కొట్టుకుపోయిన ఒక నాయకుడి విగ్రహం కనిపించింది. నాయకుడు పార్టీ మారడంతో చేయించినవాళ్లు తీసుకుపోలేదట.

"తలకాయ మారుస్త అన్నా. మొండెం గిదే ఉంచుదాం," అన్నాడు యాదయ్య.

"చెయ్యి లేపి వేలు చూపిస్తున్నడు కదా?"

"వేలుకు మైకు తగిలిస్త."

ఆ విధంగా, బతికినన్నాళ్లూ గొంతు పెంచని చిదానంద్ పోయాక ఆకాశాన్ని బెదిరిస్తూ తయారయ్యాడు.

ఆదివారం దిమ్మె కట్టేటప్పుడు యాదయ్య గొణిగాడు.

"రోడ్డు మీదికి వస్తున్నది అన్నా. జర లోపలికి జరుపుదాం."

"జరపొద్దు. సార్ యాడ నిలబడ్డడో నాకెరుక. గోడ ముంగటనే, మూల మీదనే ఉండాలె."

ఇన్నేళ్ల తర్వాత కూడా చోటు అంగుళం తేడా లేకుండా గుర్తుందంటే అది మామూలు అభిమానం కాదు. యాదయ్య మనసులోనే దండం పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్నే ముసుగు తీశారు. శేఖర్ గంటసేపు మాట్లాడి, చాలాసార్లు గొంతు గద్గదం చేసుకున్నాడు. తర్వాత మైకులో చిదానంద్ పాటలు పెట్టారు. రెండో పాటకే ముందు వరుసలోని పెద్దలు కుర్చీల్లో నిద్రపోయారు. సార్‌కు అంతకన్నా నివాళి ఏముంటుందని అందరూ అనుకున్నారు.

పదింటికి ఒక జీపు వచ్చి ఆగింది. చేతిలో కాగితాలతో ఒక ఆఫీసరు దిగాడు. విగ్రహాన్ని చూశాడు, దండలను చూశాడు, జనాన్ని చూశాడు, టీవీ కెమెరాను ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు. చెప్పులు విడిచి నమస్కారం చేశాడు.

"ఇక్కడ ఈయన విగ్రహం ఉందని మాకెవరూ చెప్పలేదండీ," అన్నాడు నెమ్మదిగా.

"మేమెంత, మా చెప్పుడెంత సార్," అంటూ ఐలయ్య పులిహోర పొట్లం చేతిలో పెట్టాడు.

ఆఫీసరు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. జీపు వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆయన కూడా పాత అభిమానే అయి ఉంటాడని జనం చెప్పుకున్నారు.

అందరూ వెళ్లాక ఐలయ్య ఫ్లెక్సీ విప్పి, సార్ పోయిన వార్త రావడానికి ముందురోజు, గురువారం సాయంత్రం ఎవరో ఎర్ర రంగుతో గోడ మీద రాసిపోయిన 'రోడ్డు వెడల్పు: పదకొండు రోజుల్లో కూల్చివేత' అన్న అక్షరాల మీద తీరిగ్గా సున్నం పూస్తూ, "ఏమే, పొద్దుగాల మైకుల వచ్చిన పాటలు గీ సార్ పాడినయేనా?" అని రేణుకమ్మను అడిగాడు.