విన్సుక్ పళ్ళెం

"ఛీ ఛీ! తియ్యి చెయ్యి! అది పోయినవాళ్ళ పళ్ళెం!"

రైనా అరుపుకి గ్రంథాలయం దద్దరిల్లింది. బల్ల దగ్గర కూర్చున్న గడ్డంవాడు మాత్రం చెయ్యి తియ్యలేదు. తేనె కలిపిన బార్లీ పాయసాన్ని వేళ్ళతో తోడుకుని నోట్లో కుక్కుకుంటున్నాడు. మీసాల మీంచి తేనె కారుతోంది. ఒంటి మీద కోటు ముక్కిపోయిన కంపు కొడుతోంది. రైనా కొంగుతో ముక్కు మూసుకుంది.

లండన్‌లో తలదాచుకున్న బెలారుసియన్లు ఏడాదికోసారి పెద్దలకు పెట్టుకునే రోజది. ప్రతి వంటకంలోనూ తొలి చెంచా పోయినవాళ్ళ పళ్ళెంలోకి వెళ్ళాలి. బతికున్నవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. ఈసారి ఆ పళ్ళెం విన్సుక్‌కి పెట్టారు. సొంత భాషలో పుస్తకాలు అచ్చువేసినందుకు స్వదేశంలో జైలుపాలై, అక్కడే ప్రాణం విడిచాడట పాపం. ఇంకాసేపట్లో అతని పేరున ఈ గ్రంథాలయంలో కొత్త గది తెరుస్తారు. ఆ గదిలో పుస్తకాలన్నీ సర్దింది రైనాయే. సర్దుతూ ఏడ్చింది కూడా. ఇవాళ అంతా సవ్యంగా జరిగితే చాలని పొద్దుట్నుంచీ దేవుడికి మొక్కుకుంటోంది. సరిగ్గా ఇప్పుడే ఈ దరిద్రుడు దాపురించాడు.

"ఆకలేస్తే వంటింట్లో అడిగి చావచ్చుగా! తద్దినం కూడు మెక్కడానికి సిగ్గులేదూ?"

"ఇది ఎవరికి పెట్టారమ్మా?"

"విన్సుక్‌కి. ఆ పేరెత్తే యోగ్యత కూడా లేదు నీకు."

"నాకు పెట్టింది నేను తింటే తప్పేంటి?" అంటూ అతను అట్టు ముక్క తుంచుకున్నాడు. "ఉప్పు తక్కువైంది."

"నువ్వు విన్సుక్‌వా? ఓరి నీ మొహం మండా! శవాల మీద పేలాలు ఏరుకునే రకమని అనుకున్నా గానీ, ఇంతకి దిగజారతావనుకోలేదు!"

కేకలు విని సంఘం అధ్యక్షుడు పావ్లూక్ పరుగున వచ్చాడు. కుట్టుపని చేసిన పండగ చొక్కా తొడుక్కుని ఉన్నాడు.

"ఏంటీ గోల? అతిథులొచ్చే వేళైంది."

"చూడండి పావ్లూక్ గారూ, ఈ అసహ్యాన్ని! తానే విన్సుక్ అట! మెడపట్టి బయటికి గెంటించండి."

పావ్లూక్ గడ్డంవాడి వంక చూశాడు. గడ్డంవాడు నములుతూనే అతనికి తలూపాడు. పావ్లూక్ మొహంలో నెత్తురుచుక్క లేదు. రైనా రెక్క పట్టుకుని మూలకి లాక్కెళ్ళాడు.

"మెల్లగా తల్లీ, మెల్లగా! జైల్లోంచి వదిలేశారని వాడు నాకు పోయిన నెలే ఫోన్ చేశాడు. ఏం చెయ్యను మరి, చనిపోయిన తేదీతో సహా అప్పటికే రాతి ఫలకం చెక్కించేశాం!"