చల్ల ముట్టని మనిషి

శామీర్‌పేట బస్టాపులో విజయమ్మ మందు గోళీల అట్టను బెంచీ కిందికి విసిరేసింది.

పక్కన కూర్చున్న ఎవరో ఒకామె కాలు చాపి దాన్ని మళ్లీ విజయమ్మ ముందుకు జరిపింది.

“పారెయ్యకు అక్కా. కీళ్లవాతానికి గవి ఆపితే ఆగమైతవ్.”

“గోళీలను కాలుతోటి తంతరా ఎవలన్న?” అన్నాడు విజయమ్మ భర్త అంజయ్య.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. చేతులు రెండూ కొంగులో ఉన్నాయి. కింది పెదవి కింద, గదుమ మీద మూడు పచ్చబొట్టు చుక్కలు.

మొగుడూ పెళ్లాలు, తిండితోనే రోగాలు తగ్గిస్తాననే పథ్యం సారు దగ్గరి నుంచి వస్తున్నారు.

పొద్దున లేస్తే విజయమ్మ పిడికిలి ముడుచుకోదు. ఎండెక్కే దాకా వేళ్లు కట్టెలే. బర్రె పాలు పితకలేదు. రొట్టె కొట్టలేదు.

“రొట్టె కొట్టే చేతులు వోతె ఇగ నేనెందుకు?” అని ఏడ్చేది.

దవాఖాన గోళీలతో కొంచెం తగ్గింది. కొంచెమే.

పథ్యం సారు మొత్తం తగ్గిస్తానన్నాడు. పప్పు బంద్. చింతపండు బంద్. వంకాయ బంద్. పొద్దూ మాపూ కొర్రజావ.

“గోళీ ఒంట్ల ఉంటే నా పథ్యం పట్టది,” అన్నాడు.

నమ్మనివాళ్లకు గోడ మీది ఫొటో చూపించేవాడు. ఒక పడుచు ఆమె రెండు చేతులా రెండు నిండు బిందెలు పట్టుకుని నవ్వుతోంది.

“మా ఇంటామె. మంచంల వడ్డ మనిషి. ఒట్టి తిండితోటే లేపిన.”

విజయమ్మ ఆ ఫొటోకు దండం పెట్టింది. ఎత్తున ఉంది, మొహం సరిగా ఆనలేదు. బిందెలే కనిపించాయి.

వారం తిరక్కముందే బస్టాపులో కలిసిన ఆమె వాళ్ల ఊరు అత్వెల్లికి వచ్చింది. టిఫిన్ డబ్బా మోచేతికి వేలాడుతోంది.

“మా ఇల్లెట్ల దొరికింది?” అన్నాడు అంజయ్య.

“బస్టాపుల మీరు అత్వెల్లి అనంగ విన్న. వేళ్లనొప్పుల ఆమె ఏడుంటదంటే ఊరంత జెప్పిండ్రు.”

“పేరేంది?”

“నా పేరుతోటి ఏం పని అన్నా. అక్కా, ఒక్కపారి పిడికిలి పట్టు.”

అంజయ్య అడ్డం వచ్చాడు. వాళ్ల పొలం రోడ్డుకు ఆనుకుని ఉంది. కొనేవాళ్లు ఈగల్లా ముసురుతున్నారు.

“వేలిముద్రకా? గా భూమి మా నాయినది. అమ్మేది లేదు.”

ఆమె నవ్వింది. “భూమి నాకేంటికి. తిండితోటి నొప్పి జర తగ్గుతది అక్కా, అది అబద్ధం గాదు. డబ్బల చేపలకూర ఉన్నది, తోటకూర ఉన్నది. తీపి, నూనెల కాల్చినయి తగ్గియ్యి. ఏది తిన్ననాడు వాపు లేస్తదో నువ్వే జూస్కో. కడుపు మాడ్చుకోకు. గని గోళీ మాత్రం మానకు.”

విజయమ్మ గ్లాసు నిండా చల్ల తెచ్చింది.

ఆమె కొంగులోంచి చెయ్యి తీయలేదు. “వద్దక్కా.”

“ఎండలవడి వచ్చినవ్. తాగు.”

“వద్దు.”

ఆమె డబ్బా అక్కడే వదిలి పోయాక అంజయ్య గొంతు తగ్గించాడు. “మనింట్ల సల్ల ముట్టలే, జూసినవా? కడుపుల ఏమన్న వెట్టుకున్నోళ్లే గట్ల జేస్తరు. కూరల మందు వెట్టి ఉంటది.”

మందు పెట్టి మనిషిని లొంగదీసుకుని భూములు రాయించుకుంటారని ఊళ్లో అనుకునే మాటే. అంజయ్య కూర తీసుకెళ్లి కుక్కకు వేశాడు.

కుక్కకేమీ కాలేదు. మర్నాడు అదే వేళకు వచ్చి గేటు ముందు కూర్చుని రోడ్డు వైపు చూసింది.

అంజయ్య సంగతంతా పథ్యం సారుకు చెప్పాడు.

“మనిషి ఎట్లుంటది?” అన్నాడు సారు.

“గదుమ మీద మూడు సుక్కలుంటయి.”

సారు కొర్రల సంచి మూతి కడుతున్నవాడు ఆగాడు. కాసేపటికి మళ్లీ కట్టాడు.

“మందుల దుకాణపోళ్ల మనిషి. గడప తొక్కనియ్యకు.”

ఆమె మళ్లీ వచ్చింది. అంజయ్య వాకిట్లోనే ఆపాడు.

“నువ్వెవరి మనిషివో తెలిసింది. నడువ్.”

“అక్క గోళీ ఏసుకుంటాందా? ఒక్క మాట జెప్పు అన్నా, పోత.”

“నడువ్!”

ఆమె వెనుదిరిగింది. గేటు గొళ్లెం మోచేత్తో ఎత్తింది.

“చెయ్యి వెడితే అరుగుతదా? మస్తు టెక్కున్నది,” అన్నాడు అంజయ్య, వినపడేటట్టే.

ఆమె వెనక్కి చూడలేదు. ఆ తర్వాత రాలేదు.

వానలు పోయి చలి వచ్చింది. జావ తాగీ తాగీ విజయమ్మ సగమైంది. వేళ్లు ఒక పక్కకు వాలిపోయాయి.

సికింద్రాబాద్ దవాఖానలో డాక్టరమ్మ ఆ చేతులు పట్టుకుని చాలాసేపు చూసింది.

“గోళీలు ఎందుకు ఆపారమ్మా? మంచి తిండి తోడుంటుంది. మందు చేసే పని మందే చేయాలి. ఇక వంగకుండా చూద్దాం. వంగినవి మాత్రం...”

“రొట్టె కొట్టొచ్చా?” అంది విజయమ్మ.

డాక్టరమ్మ తల వంచుకుని గోళీలు రాసింది.

ఇంటికొచ్చారు. విజయమ్మ ముందు నడిచింది. గేటు గొళ్లెం వేళ్లకు చిక్కలేదు. మోచేత్తో ఎత్తింది.

వెనకాల అంజయ్య ఆగిపోయాడు.

“నువ్వు లోపలికి పో. నేను వస్త.”

శామీర్‌పేటలో పథ్యం సారు ముందు జనం కూర్చుని ఉన్నారు. అంజయ్య వాళ్లను దాటుకుంటూ వెళ్లాడు.

“గా సుక్కల మనిషి ఏడుంటది సార్?”

సారు కళ్లు ఒక్కసారి గోడ వైపు పోయి వచ్చాయి.

ఫొటోకు ఇదివరకు లేని దండ వేసి ఉంది. పూలింకా వాడలేదు.

అంజయ్య స్టూలు లాక్కుని ఎక్కి, ఆ దండను పక్కకు జరిపాడు. రెండు నిండు బిందెలు పట్టుకుని నవ్వుతున్న ఆమె గదుమ మీద మూడు పచ్చబొట్టు చుక్కలు ఉన్నాయి.