అవతలివాళ్ళు

"అయిదుగురిలో నలుగురు దారికొచ్చారు," అన్నాడు వకీలు, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ. "కొంచెం కొంచెంగా తీసుకుంటామన్నారు. ఇక ఆ రోజువారీ అప్పొక్కటే. వాళ్ళు కూడా ఆగుతామంటే దివాలా పిటిషన్ అక్కర్లేదు. కొట్టు మీకే ఉంటుంది."

ఫొటోలకు ఫ్రేములు కట్టే ఆయన ముఖం మళ్ళీ వాడిపోయింది. మిగతావాళ్ళు తిట్టినా ఆగారు. ఈ రోజువారీ మనిషి మాత్రం ఒక్క పూట ఆగే రకం కాదు. అసలు ఆ మనిషెవరో ఆయన ఏనాడూ చూడలేదు. డబ్బు తెచ్చిచ్చిందీ, రోజూ షట్టర్ దించేలోపు వచ్చి వసూలు చేసుకునేదీ పక్క కొట్టు దర్జీయే. ఎవరయ్యా వాళ్ళు అంటే, "అవతలివాళ్ళు" అనేవాడు. వాన పడి బేరాల్లేవని మొత్తుకున్నా అవతలివాళ్ళు ఒప్పుకోరు. మంచి టేకు ఫ్రేములు సగం ధరకు అమ్మి మరీ కట్టిన రోజులున్నాయి.

ఇదంతా భార్య వల్లే వచ్చిందని ఆయన లోలోపల తిట్టుకోని రోజు లేదు. కిందటేడు చేతులు పట్టుకుని అడిగితే గాజులు ఇవ్వనంది. లాకర్లో పెట్టేశాను, వాటి ఊసెత్తొద్దు అని తెగేసి చెప్పింది. గతిలేక, ఆ వారంలోనే దర్జీ తెచ్చిన అప్పుకు తలొగ్గాడు.

"ఇన్ని ఇబ్బందుల్లో ఇల్లెలా నెట్టుకొచ్చారమ్మా?" అని వకీలు, భర్త పక్కనే కూర్చున్న ఆమెను అడిగాడు.

"ఏదో జరిగింది లెండి. ఈయన ఇంటికిమ్మంటే రేపంటారు. బయటివాళ్ళకైతే గడియారం చూసుకుని ఇస్తారు."

ఆయన తల దించుకున్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అయినా వాళ్ళింట్లో పొయ్యిలో పిల్లి లేవని రోజు లేదు. అదెలా సాధ్యమని ఆయన ఎప్పుడూ అడగలేదు, అడిగితే ఎక్కడ డబ్బులివ్వాల్సొస్తుందోనని.

ఆ రోజువారీ ఆగిపోతే ఆ డబ్బెటు పోతుందని ఆమె వకీలును అడిగింది. ఇంటికే వస్తుందన్నాడు వకీలు.

"ఆ మాట మా ఆయన్ని మీ ఎదుట చెప్పమనండి."

"ఒట్టు. షట్టర్ దించగానే తెచ్చి నీ చేతిలో పెడతాను," అన్నాడు భర్త.

ఆ మాట అన్నాక ఆయనకు గుండెల మీది బరువు సగం దిగినట్టనిపించింది. సాయంత్రం దర్జీకి కాకుండా ఇంటికి డబ్బు పట్టుకెళ్ళడం తలుచుకుంటే చాలాకాలానికి నవ్వొచ్చింది. ఆమె కూడా హమ్మయ్య అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలింది.

వకీలు దర్జీకి ఫోను చేసి, స్పీకర్ పెట్టి సంగతంతా చెప్పాడు. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"నాదేముందండీ, మధ్యవాణ్ణి. అవతలివాళ్ళనడిగి ఇప్పుడే చెప్తాను," అని దర్జీ పెట్టేశాడు.

ఆయన చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. ఇంతలో ఎక్కడో ఫోను మోగింది. వకీలు తన ఫోను చూసుకున్నాడు, అది కాదు. ఆమె సంచిలోంచి ఫోను తీసి, భర్త వైపు చూడకుండా చెవికి ఆనించుకుంది.

"ఆగుతానని చెప్పు తమ్ముడూ," అంది.