వక్తగారికో ప్రశ్న

చీరాలలో మా మహిళా క్లబ్బువాళ్లం నెలకోసారి కలిసి భోంచేస్తాం. భోజనానికి ముందు ఎవరో ఒకరిని పిలిచి మాట్లాడిస్తాం. ప్రసంగం అయ్యాక ఎవరూ ఏమీ అడగకపోతే వచ్చినవారికి చిన్నతనంగా ఉంటుంది. అందుకని కార్యదర్శి అయిన మా చెల్లెలు హేమశ్రీ ముందే నా చెవిలో ఒక ప్రశ్న వేస్తుంది. నేను లేచి అడుగుతాను. పోయిన నెల ఎముకల డాక్టరుగారిని, మెలిపడ్డ మణికట్టు ఎన్నాళ్లకు సర్దుకుంటుందని అడిగాను.

ఇవాళ గుంటూరు నుంచి ఒక లాయరమ్మ వచ్చారు. నాకు మాత్రం ఓపిక లేదు.

"ఈ ఒక్కసారికీ ఇంకెవరిచేతనైనా అడిగించవే," అన్నాను.

"నువ్వయితేనే బాగుంటుందక్కా. నిన్నెవరూ ఏమీ అనుకోరు," అంది హేమ.

సాంబారు వాసనకు అందరూ కుర్చీల్లో కదులుతున్నారు. రామా అనుకుంటూ లేచాను.

"మొగుడు కొడుతుంటే, నలుగురికీ తెలియకుండా బయటపడే దారి ఉందా అండీ?"

"పెళ్లే చేసుకోలేదు, మీకెందుకండీ అక్కగారూ ఆ గొడవ!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది.

లాయరమ్మ నవ్వలేదు. "దారి ఉందమ్మా. ముందు ఆవిడకు వెళ్లి ఉండడానికి ఒక ఇల్లు కావాలి. ఉందా?" అన్నారు.

ఏం చెప్పమంటుందోనని హేమ వైపు చూశాను. అందరితోపాటు తనూ నవ్వుతోంది. కళ్లు మాత్రం నా జవాబు కోసం చూస్తున్నాయి. ఇన్ని నెలలుగా నేను ఎవరి ప్రశ్నలు అడుగుతున్నానో అప్పటికి తెలిసింది.

"ఉందండీ," అన్నాను. "ఇవాళ భోజనాలయ్యాక మా ఇంటికే వస్తోంది."