ఇంజిన్ వేడెక్కిన బస్సు

సూది గుచ్చకముందే "అబ్బా!" అన్నారు టైలరు మాస్టారు.

"ఇంకా దూదితో తుడుస్తున్నానండీ," నవ్వింది ఆక్యుపంక్చర్ డాక్టరమ్మ. "ముందు ఆ మెడలో టేపు తీసి పక్కన పెట్టండి."

దుకాణం కట్టేసినా కొలతల టేపు మాస్టారి మెడలోంచి దిగదు. జీవితమంతా సూదులతో బతికిన మనిషికి, ఒంట్లోకి సూది దిగుతుందంటే ముచ్చెమటలు పోస్తున్నాయి.

"భయపడకండి మాస్టారూ! ఊపిరి పీల్చి వదిలేసరికి అయిపోతుంది," అంది పక్క మంచం మీంచి ఒక మగ గొంతు.

రెండు మంచాలకీ మధ్య ఆకుపచ్చ తెర. మనిషి సరిగా కనబడడు.

చీలమండ పైన, పొత్తికడుపు మీద సూదులు దిగాయి. నిజంగానే నొప్పి లేదు.

"ప్రోస్టేట్ వాపు దీంతో కరిగిపోతుందని నేను చెప్పను. కాస్త ఊరట ఉంటే ఉండొచ్చు. మీ డాక్టరిచ్చిన మాత్రలు మాత్రం మానకండి," అని చెప్పి డాక్టరమ్మ అవతలికి వెళ్ళింది.

"మీదీ ప్రోస్టేటేనా? నాదీ అదే!" సంబరపడింది గొంతు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో భార్యకి మోకాళ్ళ నొప్పులని చెప్పి వస్తున్నారాయన.

"కాస్త మెల్లగా అనండి బాబూ."

"దాచుకోడానికి ఇదేమన్నా దొంగతనమా? నేనైతే సినిమాకెళ్తే బాత్‌రూమ్ ఎటుందో చూసి, అప్పుడు సీటు వెతుక్కుంటా. బొమ్మ కనబడితే సరే, కనబడకపోతే పాటలు వింటా."

మాస్టారికి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే నోరు జారారు.

కూతురికి పాప పుట్టింది. చూడాలంటే పగలంతా బస్సులో వెళ్ళాలి. మధ్యలో బస్సు ఆపమని పదిమందిలో అడగాలి. అందుకే ఏదో ఒక వంక చెప్పి వాయిదా వేస్తూ వచ్చారు. పాపకని కుట్టిన గౌను ఈపాటికి పొట్టిదైపోయి ఉంటుందని, మొన్ననే ఇంకోటి కుట్టారు.

"ఇంక కుదరదని మా ఆవిడ శుక్రవారం పొద్దుటి బస్సుకి టికెట్లు తీసేసింది. అదే నా భయం."

"డ్రైవరుతో ముందే ఒక మాట చెప్పండి. వాడూ మనిషేగా."

"ఛీ ఛీ, ఎలా చెప్తాం?"

గొంతు ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత గదంతా మోగేలా కేకేసింది.

"డాక్టరమ్మా! ప్రోస్టేటున్నవాళ్ళు బస్సెక్కే ముందు నీళ్ళు తగ్గించుకోవాలా?"

బయట కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

మాస్టారు మండిపడ్డారు. "నా పరువు బజారుకీడుస్తావా? డాక్టరమ్మా, రేపట్నుంచి నాకు ఆ చివరి మంచం ఇప్పించండి. ఈ వాగుడుకాయ పక్కన నావల్ల కాదు!"



మర్నాడు చివరి మంచమే దొరికింది. ఊపిరి పీల్చమనేవాళ్ళు లేక, సూది చురుక్కుమంది.

శుక్రవారం బస్సెక్కారు. హడావుడిలో టేపు మెడలోనే ఉండిపోయింది. డ్రైవరు గదికి అద్దం తలుపు, దానికో తెర.

ఊరు దాటిన కాసేపటికే మాస్టారికి మొదలైంది. పళ్ళు బిగబట్టి కూర్చున్నారు.

బస్సు ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగింది.

"ఇంజిన్ వేడెక్కిందంట! దిగేవాళ్ళు దిగండి," అరిచాడు కండక్టరు.

అందరికంటే ముందు దిగింది మాస్టారే.

దారి పొడవునా అదే వరస. ఇంక ప్రాణం పోతుందనుకునే వేళకి ఇంజిన్ వేడెక్కేది. అదీ బాత్‌రూమ్ ఉన్నచోటే!

"డొక్కు బండి!"

"డ్రైవరుకి నడపడం వచ్చా అసలు?"

జనం దుమ్మెత్తిపోస్తున్నారు. తనొక్కరే ఊరుకుంటే బాగుండదని, "ఇలాంటివాళ్ళ చేతికి బండి ఎవరిచ్చారో!" అని మాస్టారు కూడా ఓ మాట విసిరారు.

భార్య ఆయన వైపు తిరిగింది. "మోకాళ్ళ నొప్పులున్న మనిషి, దిగినప్పుడల్లా ఆ పరుగేంటండీ?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు.

"నాకెప్పుడో తెలుసు లెండి," అంటూ ఆవిడ ఆయన ఒళ్ళోని గౌను సంచీ తన ఒళ్ళోకి తీసుకుంది.

కూతురి ఊళ్ళో దిగుతూ మాస్టారు కండక్టరుని అడిగారు. "ఇంజిను బాగుచేయించరా బాబూ?"

"దానికేం రోగమండీ? కొత్త బండి. భోజనానికి తప్ప ఎక్కడా ఆపని మనిషి, ఇవాళ ఏం పూనిందో మరి!"

అంతలో డ్రైవరు పక్క అద్దం కిందికి దిగింది.

"మాస్టారూ! మెడలో టేపు అలాగే ఉంది. ముందు దాంతో పాపని కొలవండి, గౌను సంగతి తేలిపోతుంది!"

ఊపిరి పీల్చమన్న గొంతు.

మాస్టారు చెయ్యెత్తేలోపే బస్సు కదిలింది. ఆయన వెంటపడ్డారు.

"బాబూ, నాలాగే ఆయనకీ ప్రోస్టేట్ కదా! రోజంతా బండెలా నడుపుతాడయ్యా?" నలుగురూ వింటున్నారన్న ధ్యాసే లేకుండా అరిచేశారు.

ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కండక్టరు వింతగా చూశాడు.

"ఆయనకా? నడుం నొప్పికి సూదులు వేయించుకుంటాడు గానీ, ఇంకే జబ్బూ లేదండీ!"