మూడు కుదుపులు

జూన్‌లో మా ఐస్‌లాండ్ ఉత్తరపు కొసన రాత్రి పన్నెండయినా చీకటి పడదు. ఆ రాత్రి మాత్రం పొగమంచు కమ్మేసి, కొండ అంచు అవతల ఏమీ కనబడలేదు. కింద రాతి గట్ల మీద గుడ్లు పొదిగే లక్షల పక్షుల గోల ఒక్కటే వినబడుతోంది.

ఫాలుర్ మామయ్య నడుముకు తాడు కట్టుకుని గుడ్ల కోసం దిగాడు. తాడు రెండో కొస గుర్రానికి కట్టి ఉంది. దాని పగ్గం నా చేతిలో ఉంది.

"కునుకు తీశావంటే పైకొచ్చి చెవి మెలేస్తానే, బ్యార్గే!" అని నవ్వుతూ మంచులోకి జారిపోయాడు.

మూడు కుదుపులొస్తే వెంటనే లాగాలి. మా నాన్న ఇలాగే దిగి తాడు కుదిపిన రోజు పైవాళ్ళు ఆలస్యం చేశారు. తాడు ఖాళీగా వచ్చింది.

మూడు కుదుపులొచ్చాయి. గుర్రాన్ని నడిపించాను. ఎంత బరువో, దాని కాళ్ళు నాచులో దిగబడ్డాయి.

"ఏంటే లాగుతున్నావ్?"

వెనక మామయ్య. భుజాన గుడ్ల సంచి ఉంది. నడుముకు తాడు లేదు.

"చివరి గట్టు దాకా తాడు చాల్లేదు. అది అయిపోయిన చోటే విప్పేసి, పక్క దారిన ఎక్కొచ్చా."

కింద పక్షుల గోల ఒక్కసారిగా ఆగిపోయింది. తాడుకు మళ్ళీ మూడు కుదుపులొచ్చాయి, ఈసారి చాలా దగ్గర నుంచి.

"వదిలెయ్, తల్లీ," అంటూ మామయ్య తాడు కొయ్యడానికి కత్తి తీశాడు.

ఈసారి ఆలస్యం కాకూడదని నేను గుర్రాన్ని ముందుకు అదిలించాను.